పరుగు ఆగాక మొదలయ్యే పరిచర్య

మైదానంలో గోల్ కొట్టినవాడి పేరు అందరి నోటా వినిపిస్తుంది. అతనికి ఆట నేర్పినవాడి పేరు మాత్రం కొద్దిమందికే తెలుస్తుంది. మన దేశపు ఫుట్‌బాల్‌లో ఈ రెండు పాత్రల్లోనూ పేరు తెచ్చుకున్న వ్యక్తి ప్రదీప్ కుమార్ బెనర్జీ. అభిమానులకు ఆయన ‘పీకే’.

1936లో బెంగాల్‌లోని జల్పాయ్‌గురిలో పుట్టి, జంషెడ్‌పూర్‌లో పెరిగిన పీకే, కలకత్తా చేరి ఈస్టర్న్ రైల్వే జట్టులో స్థిరపడ్డారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఆడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా ఫ్రాన్స్ మీద గోల్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచినప్పుడు తొలి గోల్ ఆయనదే. ఈ మూడు పోటీల్లోనూ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. గురువు వెళ్లిపోయినా, ఆయన నేర్పింది శిష్యుల్లో మిగిలింది.

1967లో పీకే ఆటకు వీడ్కోలు పలికారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటిందంతే. పాత పతకాలు చూసుకుంటూ మిగతా జీవితం గడిపేయవచ్చు. ఆయన అలా చేయలేదు, కోచ్ అయ్యారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు శిక్షకుల్లో ఆయన ఒకరు. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను ఓడించింది. తర్వాత ఆ మోహన్ బగానే ఆయనను కోచ్‌గా పిలిచింది. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టును పీకే శిష్యులు 2-2తో నిలువరించారు. మ్యాచ్‌కు ముందు ఆయన చెప్పే ధైర్యవచనాలకు ‘వోకల్ టానిక్’ అని పేరే పడింది. ఒకప్పుడు కాలితో ఆడిన మనిషి ఇప్పుడు మాటతో ఇతరులను ఆడించారు. ఇక గోల్ కొట్టేది వేరొకరు, చప్పట్లూ వారికే. అందుకు సమ్మతించినవాడే కోచ్ కాగలడు.

1970 నాటి ఆ జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. కాలక్రమంలో ఆయన కూడా భారత జట్టు కోచ్ అయ్యారు. రహీం, పీకే, నయీం, వారి తర్వాతివారు! 2 తిమోతి 2:2లో పౌలు చెప్పిన క్రమం అచ్చంగా ఇదే. పౌలు వద్ద విన్నది తిమోతి నమ్మకమైన మనుష్యులకు అప్పగించాలి, వారు ఇతరులకు బోధించాలి. ఆ ఒక్క వచనంలో నాలుగు తరాలున్నాయి.

మోషే తన జీవితకాలంలోనే సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచి బాధ్యత అప్పగించాడు (సంఖ్యా 27). యెహోషువ మహా యోధుడు, భక్తుడు. కానీ అతడు ఎవరి మీద అలా చేతులుంచాడో లేఖనంలో కనిపించదు. అతని తరం గతించాక దేవుని ఎరుగని తరం లేచిందని న్యాయాధిపతులు 2:10 చెబుతోంది. యుద్ధాలు గెలిచిన ఇశ్రాయేలు, విశ్వాసాన్ని పిల్లలకు అందించడంలో ఓడిపోయింది.

మన సంఘాల్లో ఇదే ప్రమాదం పొంచి ఉంది. ఏళ్ల తరబడి ఒక్కరే పాట నడిపిస్తారు, ఒక్కరే ప్రార్థన చేస్తారు, ఒక్కరే ప్రసంగిస్తారు. యువకులు వెనుక బల్లల మీద ప్రేక్షకులుగా కూర్చుని, కొన్నాళ్లకు ఆ బల్లలు కూడా ఖాళీ చేస్తారు. ‘వాళ్లకు భక్తి లేదు’ అంటాం. వాళ్ల కాలికి బంతి ఎప్పుడైనా అందించామా? కాపరులు, ఉపదేశకులు ఉన్నది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచడానికేనని ఎఫెసీ 4:11, 12 స్పష్టం చేస్తోంది. పని అంతా తామే చేసి అలసిపోవడానికి కాదు.

వయసు మీరి, గొంతు సన్నగిల్లి, ‘ఇక నా పని అయిపోయింది’ అని కుమిలిపోతున్న పెద్దలకు కూడా ఇందులో ఆదరణ ఉంది. పీకే 2020 మార్చిలో కన్నుమూశారు. ఆయన ఆటగాడిగా గడిపిన ఏళ్లకంటే, ఇతరులను ఆటగాళ్లుగా తీర్చిదిద్దిన ఏళ్లే ఎక్కువ. మీరు మోకాళ్ల మీద నేర్చుకున్నదంతా మీతోనే సమాధికి వెళ్లకూడదు. ఈ ఆదివారమే ఒక తిమోతిని పక్కన కూర్చోబెట్టుకోండి. తప్పులు చేస్తాడు, ఓర్చుకోండి. మీకంటే బాగా చేస్తాడు, సంతోషించండి. ఆ సంతోషమే దేవుడు మీకు దాచిన కిరీటం!