పొగబండియు, కరువుసీమ నీరును

ఆవిరి ఇంజను స్టేషనులో ఆగి, పట్టాల ప్రక్కన వంకరమెడతో నిలిచిన లావుపాటి గొట్టము క్రింద నీరు నింపుకొనుటను మన పంచాయతీ సభ్యులలో వయసు మీరినవారు చూచియే యుందురు. పల్లెవారు పొగను చూచి దానిని పొగబండి యన్నారు గాని, బండిని లాగినది నీరే.

ఇంజనులోని కొలిమిలో బొగ్గు మండును. ఆ వేడిగాలి గొట్టముల గుండా బాయిలరులోని నీటి మధ్య సాగి, నీటిని ఆవిరిగా మార్చును. బిగబట్టిన ఆవిరి పిస్టనును నెట్టగా, దానికి తగిలించిన ఇనుపకడ్డీలు చక్రములను త్రిప్పును. పని ముగిసిన ఆవిరి పొగగొట్టము గుండా వెడలునప్పుడు పుట్టునదే పిల్లలు అనుకరించు ఆ ‘చుక్ చుక్’ ధ్వని. ఒకసారి పోయిన ఆవిరి తిరిగి నీరుగా చేతికి రాదు. కావున త్రోవపొడుగునను బావులు, తొట్లు ఉండవలసినదే. సున్నపురాతి నేలలోని నీరు బాయిలరు లోపల పొర కట్టును. దానిని తరచు కడిగి గీకవలెను. వానలు తక్కువైన మన సీమలో ఇది చిన్న పని కాదు.

మద్రాసు నుండి రేణిగుంట, కడప, ఎఱ్ఱగుంట్ల, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరు లైను 1871లో పూర్తియై, బొంబాయి లైనుతో కలిసినది. ఐదేండ్లకే ధాత కరువు వచ్చి 1878 వరకు పీడించినది. రైలు ధాన్యమును తెచ్చినది. అయితే కర్నూలు జిల్లాలో అధికభాగమునకు రైలు లేదు. స్టేషనులో దిగిన ధాన్యమును ఎద్దుబండ్లపై ఊళ్లకు చేర్చవలెను. గడ్డి లేక ఆ ఎద్దులే చచ్చుచుండెను. 1871, 1881 జనగణనలను పోల్చిచూచినచో కర్నూలు జిల్లా జనాభా సుమారు నాల్గవవంతు తగ్గినది. చనిపోయినవారితో పాటు వలసపోయినవారును ఆ లెక్కలో కలరు.

1880 నాటి కరువు కమిషను ఇట్టి సీమలకు రక్షణ రైలుమార్గములు కావలెనని చెప్పినది. గుంతకల్లు నుండి డోన్, నంద్యాల మీదుగా నల్లమల దాటి కృష్ణాతీరమునకు పోయిన మీటరుగేజి లైను ఆ ఆలోచన ఫలితమే. చెలమ, బొగద నడుమ లోయపై కట్టిన దొరబావి వంతెన ఈ లైనుదే. లాభము కొరకు గాక, గింజల కొరకు వేసిన లైను ఇది యని మన పిల్లలలో ఎందరికి తెలియును?

చిత్తరంజన్ కర్మాగారము 1972లో తన చివరి ఆవిరి ఇంజనును చేసినది. 1995 డిసెంబరు 6న జలంధరు, ఫిరోజ్‌పూరు మధ్య దేశమందలి బ్రాడ్‌గేజి ఆవిరిబండ్ల నడక ముగిసినది. 1990ల దశకములోనే నంద్యాల లైను బ్రాడ్‌గేజిగా మారుటతో దొరబావి వంతెన విడువబడినది.

పాత తొట్లు, బావులు రైల్వే ఆస్తి. మీ ఊరిలో అట్టివి మిగిలియున్నచో, వాటి రాళ్లను ఎవరును తరలింపకుండ చూడుడు. నిలుపదలచినచో తీర్మానము చేసి గుంతకల్లు లేక గుంటూరు డివిజను కార్యాలయమునకు పంపుడు. బొగ్గు వేసిన ఫైర్‌మనులు, పట్టాలు కాచిన గ్యాంగుమనులు ఇంకను కొందరు మన మధ్య ఉన్నారు. ఇంజను ఏ బావి నీరు త్రాగెడిదో, ఆ బావి ఏ యేట ఎండెనో వారినడిగి పంచాయతీ పుస్తకమున వ్రాయించుడు. క్రొత్త బోరు ఎక్కడ వేయవలెనను చర్చ వచ్చిన దినమున ఆ పుటను కూడ తెరువవచ్చును.