అదృష్టం పటం మీద ఉండాలి, అంగట్లో కాదు

తిరుమల ఆలయానికి దగ్గర్లోనే హథీరాంజీ మఠం ఉంది. 1843 నుంచి 1933లో దేవస్థానాల పాలకమండలి ఏర్పడేదాకా గుడి పాలన ఆ మఠం మహంతుల చేతుల్లోనే నడిచింది. మఠానికి ఆ పేరు తెచ్చిన కథ తిరుపతిలో తెలియనివారుండరు. ఉత్తరాది నుంచి వచ్చిన బావాజీతో రాత్రిళ్లు స్వామి పాచికలాడేవాడు. ఒకనాడు స్వామి హారం అక్కడే మరిచిపోగా, దొంగతనం బావాజీ మీద పడింది. బండెడు చెరకుతో పాటు ఆయన్ని ఒక గదిలో బంధిస్తే, స్వామి ఏనుగు రూపంలో వచ్చి చెరకంతా తిని ఆయన్ని కాపాడాడు. ఇది జనం నమ్మకమే తప్ప చరిత్ర పుటల్లోని ఘటన కాదు. అయినా ఆటల గురించి ఇది చెప్పే మాట చాలా లోతైనది. ఏడుకొండల సిరి ఒకవైపు, కౌపీనం తప్ప ఏమీ లేని బైరాగి మరోవైపు. పటం ముందు కూర్చున్నాక ఇద్దరికీ అవే కాయలు, అవే పాచికలు. బయటి కలిమి లేములు ఆటలోకి రావు. మంచి ఆటకు ఇదే మొదటి లక్షణమని నా వాదన. ఆ లక్షణాన్ని గట్టిగా పరీక్షకు పెట్టిన ఆట ఒకటి జపాన్‌లో పుట్టింది.

అది 2003లో సెగా సంస్థ తెచ్చిన ‘ది కీ ఆఫ్ అవలాన్’. ఇంట్లో ఆడేది కాదు, ఆటల కేంద్రాల్లో డబ్బులు వేసి ఆడే పెద్ద యంత్రం. నలుగురు ఆటగాళ్లు తెర మీది గళ్ల పటంలో తిరుగుతూ తాళంచెవుల కోసం పోటీపడతారు. ఇంతవరకూ మనకు తెలిసిన తరహా ఆటే. కొత్తదనమంతా కార్డుల్లో ఉంది. ఎవరి కార్డుల కట్ట వాళ్లే వెంట తెచ్చుకుని యంత్రానికి చదివిస్తారు. ఆ కార్డుల మీది భూతాలూ శక్తులూ పటం మీద వాళ్ల తరఫున పోరాడతాయి. ఆడుతున్న కొద్దీ యంత్రం కొత్త కార్డులు ఇస్తుంది. ఏ కార్డు వస్తుందో ముందు తెలియదు. కొన్ని విరివిగా దొరుకుతాయి, కొన్ని అరుదు. అదే సంస్థ 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల కార్డులతో ఒక యంత్రాన్ని, 2003లో పిల్లల కోసం పోట్లాడే పురుగుల కార్డులతో ‘ముషికింగ్’ను, 2005లో చైనా మూడు రాజ్యాల కథతో ‘సాంగోకుషి తైసెన్’ను తెచ్చింది. చేత్తో పట్టుకున్న అట్టముక్క తెర మీద సైన్యమై కదలడం గొప్ప పనితనం. దాన్ని మెచ్చుకోకపోతే అన్యాయం.

అయితే ఈ ఆటలో అదృష్టం ఎక్కడ ఉందో చూడాలి. అష్టాచెమ్మాలో గవ్వలు ఎలా పడతాయో ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఆ అదృష్టం పటం ముందు, అందరి కళ్ల ఎదుట తేలుతుంది. ఈ పందెం నాకు కలిసిరాకపోతే వచ్చే పందెం నీకు ఎదురుతిరగవచ్చు. కార్డుల యంత్రంలో పెద్ద అదృష్టం ఆటకు ముందే, కార్డు చేతికి వచ్చిన క్షణంలోనే తేలిపోతుంది. పైగా దాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించుకోవాలంటే ప్రతిసారీ డబ్బు పెట్టాలి. అంటే జేబు బరువైనవాడికి ఎక్కువసార్లు అదృష్టం తలుపు తట్టే వీలుంటుంది. ఆ యంత్రాలు చిత్తూరు, మదనపల్లె వీధుల్లోకి రాకపోయినా వాటి పద్ధతి మాత్రం ఫోన్లలో వచ్చేసింది. ‘ఫ్రీ ఫైర్’ లాంటి ఆటల్లో పిల్లలు డబ్బు పెట్టి డైమండ్లు కొంటారు, వాటితో చక్రం తిప్పుతారు, వచ్చిందేదో పుచ్చుకుంటారు. అందులో కొన్ని తుపాకీ స్కిన్లు చూడ్డానికి అందంగా ఉండటమే కాదు, తుపాకీ బలాన్ని కూడా మారుస్తాయి.

మన పాత ఆటలు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా నిలిచాయి. ముక్కోటి ఏకాదశి జాగరణలో ఆడే వైకుంఠపాళిలో అంతా అదృష్టమే. కానీ పాము ఎవరినైనా మింగుతుంది, నిచ్చెన ఎవరినైనా ఎక్కిస్తుంది. వామనగుంటలకు చింతగింజలు చాలు. పులిజూదానికి నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలూ గులకరాళ్లూ చాలు. దక్షిణాదిలో పాత గుళ్ల మండపాల రాతినేల మీద ఇలాంటి పటాలు చెక్కి కనిపిస్తాయి. అక్కడ ఎవరు కూర్చున్నా అదే గీత. కార్డులు మనకు కొత్తేమీ కాదు. గుండ్రని గంజీఫా కార్డులు మన నిర్మల్‌లో, కర్నూలు సీమలోని నొస్సంలో తయారయ్యాయి. దశావతార గంజీఫాలో అవతారానికి 12 చొప్పున 120 కార్డులు. పగలు ఆడితే రాముడిది, రాత్రి ఆడితే కృష్ణుడిది మొదటి ఎత్తు. రాజులు దంతపు ముక్కలతో ఆడారు, సామాన్యులు చవకరకంతో ఆడారు. ఎవరు ఆడినా ఉన్నది ఒకే కట్ట. దాన్ని కలిపి అందరికీ పంచాల్సిందే. దంతపు ముక్కలు రాజు గొప్పను చాటాయే గాని, ఆయన చేతికి మంచి ముక్కలు తెచ్చిపెట్టలేదు.

పులిజూదంలో మూడు పులులకు పదిహేను మేకలు, అక్కడ సమానత్వం ఎక్కడుందని అడగవచ్చు. నిజమే, రెండు పక్షాలూ ఒకటి కావు. అయితే ఈ ఆటలో పులిగా ఉన్నవాడు వచ్చే ఆటలో మేకలను నడుపుతాడు. పులితనాన్ని ఎవరూ కొనుక్కోలేరు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. కార్డుల ఆటలో కట్టను కూర్చడమే ఒక విద్య కదా, డబ్బున్నవాడే గెలుస్తాడనడం తప్పు కదా అంటారు. ఈ మాటలో నిజముంది. సాంగోకుషి తైసెన్‌లో ప్రతి కార్డుకూ ఒక విలువ ఉంటుంది, కట్ట మొత్తం విలువ ఒక హద్దు దాటకూడదు. కనుక బలమైన కార్డులన్నీ ఒకేచోట పేర్చడం కుదరదు. తెలివైనవాడు సాదా కార్డులతోనూ గెలవగలడు. కానీ రెండువందల కార్డుల్లోంచి ఏరుకునేవాడికీ ఇరవైలోంచి ఏరుకునేవాడికీ తెలివి చూపే చోటు ఒకటి కాదు. హద్దు పెట్టాల్సి వచ్చిందంటేనే డబ్బు ఆటను వంచగలదని తయారీదారు గుర్తించినట్టు.

మన పాత ఆటలకూ జూదం మరక ఉంది కదా, ధర్మరాజు రాజ్యం పోగొట్టుకున్నది పాచికల్లోనే కదా అన్నది మరో ప్రశ్న. ఆ కథే నా వాదనకు సాక్ష్యం. అక్కడ మన జనం తప్పుపట్టింది పాచికలను కాదు. తన మాట వినే పాచికలను శకుని ఇంటినుంచి తెచ్చుకున్నాడని తప్పుపట్టారు. కార్డుల ఆటలో మోసం లేదు, ఎవరి కట్ట వాళ్లు తెచ్చుకోవచ్చన్నది అందరూ ఒప్పుకున్న నియమమే. కాబట్టి దాన్ని శకుని మాయతో సమానం చేయను. అయినా పటం దగ్గరికి రాకముందే ఒకరి పాచిక బలమైనదైతే ఆట సగం ముగిసినట్టేనన్న ఎరుక మాత్రం ఆ కథ మనకు ఇచ్చింది.

చట్టం ఇంకో గీత గీసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి గనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని చెప్పింది. 2020లో రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. వీటన్నిటి చూపూ పందెం కట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీదే ఉంది. డబ్బు పోసి, తిరిగి డబ్బు కాక బొమ్మో బలమో అదృష్టం కొద్దీ తెచ్చుకునే ఆటల మీద అంత లేదు. జపాన్ మాత్రం 2012లోనే ఒక అడుగు వేసింది. అదృష్టం మీద వచ్చే బొమ్మలను పూర్తి సెట్టుగా కూడబెడితేనే అరుదైన బహుమతి ఇచ్చే ఫోన్ ఆటల పద్ధతి చట్టవిరుద్ధమని అక్కడి వినియోగదారుల సంస్థ తేల్చింది. ఈ వ్యాపారానికి పుట్టినిల్లే హద్దు గీసినప్పుడు మనం ఆలోచించడానికి వెనకాడనక్కర్లేదు.

కార్డులు పోగేయడంలో ఆనందం ఉంది, పురుగుల పేర్లో వీరుల కథలో నేర్చుకోవడమూ ఉంది. దాన్ని పిల్లలకు దూరం చేయమని నేను అనను. ఆ ఆనందాన్ని బలం నుంచి విడదీయవచ్చు. అమెరికాలో 2008 నుంచి కొన్ని కార్డు ఆటలు అలాగే వస్తున్నాయి. పెట్టెలో ఏ కార్డులున్నాయో ముందే చెబుతారు, ఎవరు కొన్నా అవే కార్డులు. కూర్పులోని తెలివి అలాగే నిలిచింది, కొనేటప్పటి లాటరీ మాత్రం పోయింది. పిల్లవాడు కొత్త ఆట అడిగినప్పుడు తల్లిదండ్రులు దాని మంచిచెడ్డలు తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేస్తే చాలు: ఇందులో అదృష్టం ఆడేటప్పుడు తేలుతుందా, కొనేటప్పుడు తేలుతుందా? ఆడేటప్పుడు తేలితే నిశ్చింతగా ఆడనివ్వండి, ఓడినా పిల్లవాడు ఓర్పు నేర్చుకుంటాడు. కొనేటప్పుడు తేలితే పర్సు తీయకండి. ఆ ఆటలో పేదింటి బిడ్డ తన తెలివి చూపకముందే వెనకబడతాడు, ఉన్నింటి బిడ్డ తన గెలుపు ఎవరిదో తెలియకుండా పెరుగుతాడు.