రన్‌వే మీద హర్షద సంఖ్యలు

బెంగుళూరు రహదారి మీద శంషాబాదు దాటుతున్నప్పుడు బాగా కిందికి దిగివస్తున్న విమానాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి తరలి వచ్చాయి. ఆ విమానం దిగే రన్‌వేకి ఒక పేరుంది. పేరంటే పేరు కాదు, అంకెలు. తూర్పు ముఖంగా దిగితే 09, పడమటి ముఖంగా దిగితే 27.

ఈ అంకెలు ఎక్కడివి? దిక్సూచిలో తూర్పు 90 డిగ్రీలు, పడమర 270 డిగ్రీలు. చివరి సున్న తీసేస్తే వచ్చినవే 9, 27. శంషాబాదులో రెండు రన్‌వేలు పక్కపక్కనే సమాంతరంగా ఉన్నాయి కనుక కుడి, ఎడమ అని తోక కూడా తగిలిస్తారు. పెద్దదాని పొడవు 4260 మీటర్లు, రెండోదాని పొడవు 3707 మీటర్లు.

ఇప్పుడు 27ను చూడండి. దాని అంకెల మొత్తం 2 + 7 = 9. 27ను 9తో భాగిస్తే శేషం లేదు. 4260 తీసుకోండి. అంకెల మొత్తం 12. భాగించండి: సరిగ్గా 355. ఇలా తన అంకెల మొత్తంతో తాను నిశ్శేషంగా భాగించబడే సంఖ్యను హర్షద సంఖ్య అంటారు. హర్షాన్ని ఇచ్చేది అని అర్థం. ఆ పేరు పెట్టింది నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన డి. ఆర్. కప్రేకర్ (1905–1986). 6174 అనే వింత సంఖ్య ఆయన కనిపెట్టిందే. ఆయన దగ్గర కంప్యూటరు లేదు. కాగితం, పెన్సిలు, ఓపిక ఉన్నాయి. మనకు ఓపిక కాస్త తక్కువ కనుక ప్రోగ్రాము రాద్దాం.

సంఖ్యను చూడగానే అంకెలు మనకు విడివిడిగా కనిపిస్తాయి. కంప్యూటరుకు అలా కనిపించవు. దానికి 4260 అంటే ఒకే ముద్ద. అంకెలు విడదీయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది: 10తో భాగించడం. శేషమే చివరి అంకె; భాగఫలం మిగిలిన సంఖ్య. 4260ని భాగిస్తే శేషం 0, భాగఫలం 426. మళ్ళీ భాగిస్తే 6, 42. మళ్ళీ 2, 4. చివరికి 4, 0. భాగఫలం సున్న అయింది, అంకెలన్నీ చేతికొచ్చాయి. పైథాన్ భాషలో శాతం గుర్తు (%) శేషాన్ని ఇస్తుంది, రెండు వాలు గీతలు (//) దశాంశాలు లేని భాగఫలాన్ని ఇస్తాయి. ఒక్క గీతే పెట్టారో, 3707 కాస్తా 370.7 అయి కూర్చుంటుంది!

ప్రోగ్రాము ఇలా నడవాలి:

సంఖ్యను తీసుకో.
మొత్తం = 0.
సంఖ్య సున్న కానంతవరకు: 10తో భాగించు, శేషాన్ని మొత్తానికి కలుపు, భాగఫలాన్నే కొత్త సంఖ్యగా పెట్టుకో.
ఆఖరున సంఖ్యను మొత్తంతో భాగించు. శేషం సున్న అయితే "హర్షద సంఖ్య" అని చెప్పు.

రాసి చూడండి. 9 ఇస్తే హర్షద సంఖ్య అంటుంది. 27కీ అంతే, 4260కీ అంతే. బాగుందని లేచిపోకండి. రెండో రన్‌వే పొడవు 3707 కూడా ఇవ్వండి. దానికీ హర్షద సంఖ్య అనే అంటుంది! చేత్తో చేసి చూద్దాం. అంకెల మొత్తం 17. 17 × 218 = 3706. ఒకటి మిగిలింది. అంటే ఒక్క మీటరు తేడాతో ఆ రన్‌వే హర్షద సంఖ్య కాకుండా పోయింది. మరి ప్రోగ్రాము ఎందుకలా చెప్పింది?

కింది పేరా చదివే ముందు పై నాలుగు వాక్యాలూ మరోసారి చూడండి. తప్పు అక్కడే ఉంది.

అంకెలు విడదీస్తూ విడదీస్తూ మనం సంఖ్యనే అరగదీసేశాం. ఆఖరి వాక్యానికి వచ్చేసరికి దాని విలువ 3707 కాదు, సున్న. సున్నను 17తో భాగించినా, మరే సంఖ్యతో భాగించినా శేషం సున్నే. అందుకే ఏ సంఖ్య ఇచ్చినా ఔననే అంటుంది. మొదట్లోనే సంఖ్యకు ఒక నకలు తీసి పెట్టుకుని, అరగదీసే పని నకలు మీద చేస్తే సరిపోతుంది. అసలును ఆఖరి భాగహారానికి దాచుకోవాలి. ప్రోగ్రాములు కొత్తగా రాసేవాళ్ళు ఈ గుంటలో తరచుగా పడతారు. జవాబు "ఔను" అని ముందే తెలిసిన సంఖ్యలనే ఇచ్చి చూసుకుంటే ఇది ఎన్నటికీ బయటపడదు. "కాదు" అని రావలసిన సంఖ్యనూ ఇచ్చి చూడాలి.

దిద్దిన ప్రోగ్రామును 1 నుంచి 100 వరకు నడపండి. 33 హర్షద సంఖ్యలు రావాలి. సున్నను మాత్రం ఇవ్వకండి. దాని అంకెల మొత్తం సున్న, సున్నతో భాగించమంటే యంత్రం మొరాయిస్తుంది.

ఆ తర్వాత ఇంకా పైకి పోనివ్వండి. 510, 511, 512, 513 నాలుగూ వరుసగా హర్షద సంఖ్యలే. ఐదు వరుసగా కావాలంటే (మొదటి 1 నుంచి 10ని వదిలేస్తే) 131052 దాకా వెళ్ళాలి. చేత్తో చేస్తే ఎన్ని నోటుపుస్తకాలు పట్టేవో! ఎంత దూరం వెళ్ళినా వరుసగా 20కి మించి దొరకవని కూపర్, కెన్నెడీ అనే గణితజ్ఞులు 1993లో నిరూపించారు.

మళ్ళీ రన్‌వే దగ్గరికి వద్దాం. ప్రపంచంలో ఏ రన్‌వేకైనా రెండు కొసల సంఖ్యల మధ్య తేడా 18. అంటే 01–19 మొదలుకుని 18–36 వరకు 18 జతలు. వీటిలో 09–27 లాగా రెండు సంఖ్యలూ హర్షద సంఖ్యలే అయిన జతలు ఎన్నో మీ ప్రోగ్రామును అడగండి. ఆరు రావాలి. పద్దెనిమిది వచ్చాయంటే, నకలు తీయడం మరిచిపోయారన్నమాట.