సరుగుడు నీడ, నడిచే ఇసుక

తిరువొత్తియూరు పొడవునా సముద్రం ఉంది. కాళ్ళు చాపుకుని కూర్చునే ఇసుక మాత్రం చాలాచోట్ల లేదు. కాశిమేడు దాటి ఎన్నూరు వైపు సాగే రోడ్డుకు కుడిపక్కన పెద్ద పెద్ద బండరాళ్ళు గుట్టగా పోసి ఉంటాయి. అలలు వాటికే కొట్టుకుని విరుగుతాయి. చెట్టు నీడన మెత్తని ఇసుక, ఎదురుగా సముద్రం కావాలనుకునే ఉత్తర చెన్నై తెలుగువాళ్ళు అందుకోసం రైలెక్కి ఆంధ్ర తీరానికి పోవాల్సిందే. సొంత ఊరి ఇసుక ఏమైందో తెలిస్తే, ఆ తీరాన్ని చూసే చూపు కూడా మారుతుంది.

తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి గాలుల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలులు వచ్చాక అందులో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1875లో మద్రాసు రేవుకు శంకుస్థాపన జరిగింది. 1881 తుపాను రేవు గోడలను చాలావరకు పడగొట్టినా మళ్ళీ కట్టారు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ గోడల దగ్గర దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగిపోయింది. ఆగిన వైపు మెరీనా ఏటికేడు వెడల్పయింది. రావలసిన ఇసుక రాక రాయపురం, తొండియారుపేట, తిరువొత్తియూరు ఒడ్డు కోసుకుపోయింది, దాంతోపాటు చేపలవాళ్ళ ఇళ్ళూ పోయాయి. మెరీనా మీద షికారు చేసేవాళ్ళలో ఎందరికి తెలుసో గానీ, వాళ్ళ కాళ్ళ కింది ఇసుకలో కొంత తిరువొత్తియూరుకు చేరవలసిందే. తరవాతి కాలంలో ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా రాతికట్టలు వేశారు. రెండు కట్టల నడుమ అక్కడక్కడ చిన్న ఇసుక మేటలు పడుతున్నాయి, అంతే.

అందుకే తిరువొత్తియూరుకు వెళ్ళేవాళ్ళు స్నానానికి కాక దర్శనానికి వెళ్తారు. త్యాగరాజస్వామి గుడిలోని త్రిపురసుందరి మీద త్యాగయ్య అయిదు కృతులు తెలుగులోనే చెప్పారు. ఆయన్ను ఈ ఊరికి రప్పించుకున్నది శిష్యుడు వీణ కుప్పయ్యరు. సముద్రం దగ్గరే తమిళ సిద్ధుడు పట్టినత్తారు సమాధి కూడా ఉంది.

నీడ సంగతికొస్తే, గ్రీసు దేశంలో స్కియాథోస్ దీవిలో కుకునారియెస్ అనే తీరం ఉంది. గొడుగుల్లాంటి పైన్ చెట్లు దాదాపు ఇసుక అంచుదాకా వస్తాయి. వెనక ఒక ఉప్పునీటి మడుగు, ముందు పోటుపాట్లు అంతగా తెలియని సముద్రం. తెలుగు తీరంలో పైన్ లేదు, ఆ స్థానం సరుగుడుది. గోదావరి వైపు దీన్నే సరివి అంటారు. దూరానికి పైన్‌లాగే కనిపించినా రెంటికీ చుట్టరికం లేదు. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, కణుపులున్న పచ్చని సన్నటి రెమ్మలు. ఒక రెమ్మను కణుపు దగ్గర విరిచి దగ్గరగా చూస్తే చుట్టూ పొలుసుల్లాంటివి కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. ఆకు ఇంత చిన్నదైతే నీరు ఆవిరయ్యేది తక్కువ. వేళ్ళ మీది బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. వట్టి ఇసుకలో ఈ చెట్టు ఏపుగా పెరగడంలోని కిటుకు ఇదే.

ఇది ఇక్కడ పుట్టిన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలది. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో రైలింజన్లలో కాల్చే కట్టెల కోసం దీన్ని తోటలుగా పెంచారు. 1977 నవంబరు 19న దివిసీమ తుపాను తీరాన్ని ఊడ్చేశాక, గాలికి అడ్డంగా ఒడ్డు వెంబడి సరుగుడు పట్టీలు వేసే పని ఊపందుకుంది. ఇవాళ సెలవు గడపడానికి వచ్చేవాళ్ళు కూర్చునే నీడ చాలావరకు ఇలా పొయ్యి కోసమో, తుపాను భయంతోనో నాటినదే.

అలాంటి నీడ కోసం ఎంచుకోదగ్గది బాపట్ల దగ్గరి సూర్యలంక. చెన్నై–విజయవాడ రైలు మార్గంలో, చెన్నై నుంచి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో బాపట్ల ఉంది. స్టేషను నుంచి ఒడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. ఊళ్ళో చోళుల నాటి భావనారాయణస్వామి గుడి చూసుకుని ఎండ తగ్గాక తీరానికి పోవచ్చు. పర్యాటక శాఖ వసతి గృహం కూడా అక్కడే ఉంది. పక్కన వైమానిక దళ స్థావరం ఉంది కాబట్టి కంచె వైపు కెమెరా ఎత్తకపోవడం మేలు.

ప్రశాంతత కావాలంటే ఆదివారం వద్దు, కార్తీక మాసం అసలే వద్దు. పౌర్ణమి నాటి సముద్రస్నానాలకు, వనభోజనాలకు జనం బస్సుల మీద బస్సులు దిగుతారు. పైగా నవంబరు తుపానుల నెల. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, పని రోజుల్లో, పొద్దున్నే వెళ్తే చేపలవాళ్ళు తప్ప మనిషి కనపడడు. తోటలో పొయ్యి వెలిగించకూడదు. సరుగుడు కింద ఎండు రెమ్మలు పరుపులా పేరుకుంటాయి, నిప్పురవ్వ చాలు.

నీళ్ళలోకి దిగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. బంగాళాఖాతం గ్రీసు సముద్రమంత సాధువు కాదు. ఒడ్డుకు వచ్చిన నీరు అక్కడక్కడ సన్నటి దారి చేసుకుని జోరుగా లోపలికి పోతుంది. ఆ దారి మీద అలలు తక్కువగా విరుగుతాయి, చూపుకు అదే నెమ్మదిగా ఉన్న చోటులా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు తరచు అక్కడే దిగుతారు. పట్టు తప్పితే ఒడ్డుకేసి ఎదురీదడం వల్ల అలసటే మిగులుతుంది. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు వదిలాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్ళు మోకాళ్ళ లోతు దాటకూడదు.

చెట్లను అలల అంచుదాకా నాటడం మంచిదా అన్న ప్రశ్నా ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చెన్నై, ఆంధ్ర తీరాల్లో రాత్రిపూట ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. వాటికి వేళ్ళు అల్లుకోని ఖాళీ ఇసుక కావాలి. సరుగుడు కింద మరో మొక్క బతకడం కష్టం కాబట్టి, ఇసుకను సహజంగా పట్టి ఉంచే బాలబంద తీగ, రావణాసురుని మీసాలు కూడా దాని నీడలో తగ్గిపోతాయి. అందుకే అలలకూ తోటకూ మధ్య వెడల్పైన ఖాళీ వదలాలని తీర పరిశోధకులు చెబుతున్నారు. న్యాయమైన మాటే. నీడ కోసం నాలుగడుగులు వెనక్కి నడవడం మనిషికి కష్టమేమీ కాదు. ఆ నెలల్లో రాత్రి ఒడ్డున ఉండేవాళ్ళు టార్చిలు, ఫోను దీపాలు ఆర్పేయాలి. వెలుతురు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోవచ్చు, గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు సముద్రమనుకుని దీపాల వైపు పాకుతాయి.