క్లాస్‌రూమ్ బయట ఎంబీఏ: అహ్మదాబాద్ నుంచి మా కిరాణా కొట్టు దాకా

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే మాటలు రెండే విషయాల మీదకి వస్తాయి. ఒకటి ప్లేస్‌మెంట్స్, రెండోది క్యాట్. ఎవరికి ఎంత పర్సంటైల్ వస్తే ఏ ఐఐఎమ్, అక్కడ ప్యాకేజీ ఎంత, ఇవన్నీ అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ రెండేళ్ళూ లోపల ఏం చేస్తారు, ఏం నేర్చుకుంటారు అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, మా నాన్న నా యాప్‌ని పక్కన పెట్టేదాకా.

ముందు ఆ యాప్ సంగతి చెప్తాను. మాకు ఊళ్ళో కిరాణా కొట్టు ఉంది. పోయిన సెమ్‌లో మినీ ప్రాజెక్ట్‌గా దాని కోసమే ఒక బిల్లింగ్ యాప్ చేశాను. లాగిన్, బార్‌కోడ్ స్కానింగ్, ఉద్దెర ఖాతాలు, నెలవారీ పై చార్ట్, అన్నీ పెట్టాను. వైవా బాగా జరిగింది, మార్కులూ బాగానే వచ్చాయి. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళి గర్వంగా నాన్న ఫోన్లో ఇన్‌స్టాల్ చేశాను. నాన్న రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడో రోజు మళ్ళీ ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తీశాడు. "మంచిగనే ఉందిరా, కానీ ఇందుల మేస్త్రి ఉద్దెర యాడ రాయాలె?" అన్నాడు.

నేను కస్టమర్ టేబుల్‌కి ఫోన్ నంబర్‌ని ప్రైమరీ కీగా పెట్టాను. మేస్త్రికి ఫోన్ లేదు. ఇంకో ఇంట్లో ఒకటే ఫోన్, కానీ ఖాతాలు మూడు. నాన్న పుస్తకంలో పేర్లు "మలుపు కాడి మేస్త్రి", "పంతులు గారి పెద్ద కోడలు" అని ఉంటాయి. లూజ్ కందిపప్పుకి బార్‌కోడ్ ఉండదు. నూనె చేతులతో తాకితే స్క్రీన్ పని చేయదు. అన్ని మార్కులు వచ్చిన ప్రాజెక్ట్‌లో ఇవేవీ నాకు తట్టలేదు, ఎందుకంటే నేను ఎవర్నీ అడగలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ కొట్టు మీద బతికి కూడా అడగలేదు.

ఆ తర్వాతే నాకు ఐఐఎమ్ అహ్మదాబాద్ గురించి చదవాలనిపించింది. ప్యాకేజీల గురించి కాదు, వాళ్ళకి వ్యాపారం అంటే ఏంటో ఎలా నేర్పిస్తారో చూద్దామని. చదువుతూ పోతే తెలిసింది ఏంటంటే, అక్కడ నేర్చుకునేదాంట్లో పెద్ద భాగం క్లాస్ బయటే జరుగుతుంది. అది అనుకోకుండా జరిగింది కాదు, మొదట్నుంచీ అలా ప్లాన్ చేశారు.

రాత్రి చదివే చదువు

ఐఐఎమ్ అహ్మదాబాద్ 1961లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వం, గుజరాత్ ప్రభుత్వం, పరిశ్రమల వాళ్ళు కలిసి పెట్టారు. దీని వెనక ఉన్న ముఖ్యమైన మనిషి విక్రమ్ సారాభాయ్. అవును, మనకి అంతరిక్ష పరిశోధనతో తెలిసిన ఆయనే. మొదట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌తో కలిసి పనిచేశారు, అక్కడి నుంచే కేస్ మెథడ్ వచ్చింది.

కేస్ అంటే ఒక కంపెనీలో నిజంగా వచ్చిన చిక్కు. కొన్ని పేజీల కథ, చివర్లో కొన్ని టేబుల్స్. మేనేజర్ ఒక నిర్ణయం తీసుకోవాల్సిన చోట కథ ఆగిపోతుంది. మన టెక్స్ట్‌బుక్ లెక్కకి వెనక ఆన్సర్ ఉంటుంది, దీనికి ఉండదు. క్లాస్‌లో ప్రొఫెసర్ పాఠం చెప్పడు. "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడుగుతాడు, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. అలా మాట్లాడటానికి కూడా మార్కులు ఉంటాయి, దాన్ని సీపీ అంటారు, అంటే క్లాస్ పార్టిసిపేషన్.

ఇక్కడ కిటుకు ఏంటంటే, క్లాస్‌లో అలా మాట్లాడాలంటే ముందు రోజు రాత్రే పని అయిపోవాలి. అందుకే స్టడీ గ్రూపులు. ఒక ఇంజనీరు, ఒక సీఏ, ఒక ఎకనామిక్స్ చదివిన అమ్మాయి ఒకే గదిలో కూర్చుని ఒకే కేస్‌ని మూడు రకాలుగా చూస్తారు. ఇంజనీరు ఫ్యాక్టరీ కెపాసిటీ లెక్కలు వేస్తుంటే, సీఏ "జీతాలకి డబ్బు ఎక్కడిది?" అంటాడు. ఎవరి చదువులో ఉన్న ఖాళీ వాళ్ళకి అక్కడే కనిపిస్తుంది. ఫస్ట్ ఇయర్ వాళ్ళని అక్కడ ఫచ్చా అని, సెకండ్ ఇయర్ వాళ్ళని తుచ్చా అని పిలుస్తారట. ఫచ్చాలకి నిద్ర ఎందుకు ఉండదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మన గ్రూప్ ప్రాజెక్టుల్లో ఏం చేస్తాం? నలుగురం ఉంటే ఒకడు కోడ్ రాస్తాడు, ఒకడు పీపీటీ, ఒకడు రిపోర్ట్, ఇంకొకడు టీ తెస్తాడు. నలుగురం ఒకే బ్రాంచ్, ఒకే సిలబస్. "ఇది తప్పు" అనే వాడు గదిలో ఎవడూ ఉండడు.

కారిడార్ లేని హాస్టల్

ఇంకో ఆశ్చర్యం ఆ బిల్డింగ్. పాత క్యాంపస్‌ని డిజైన్ చేసింది అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్. ఆయన్ని తీసుకొచ్చింది మన ఆర్కిటెక్ట్ బి.వి. దోషి. ఎర్ర ఇటుక గోడలు, వాటిలో పెద్ద పెద్ద గుండ్రటి ఖాళీలు, ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. నాకు నచ్చింది మాత్రం హాస్టళ్ళ ప్లాన్. పొడుగాటి కారిడార్, దానికి రెండు వైపులా గదులు, ఆ పద్ధతి కాన్‌కి ఇష్టం లేదు. గదుల్ని చిన్న చిన్న గుంపులుగా, మెట్లు, టీ రూమ్ ఉన్న హాల్ చుట్టూ పెట్టాడు. గదిలోంచి బయటికి వస్తే ఎవరో ఒకరు ఎదురవ్వాల్సిందే. నడిచే దారి, ఆగే చోటు కూడా చదువులో భాగమే అని ఆయన ఆలోచన. 1974 మార్చిలో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూనే ఆయన న్యూయార్క్ రైల్వే స్టేషన్లో చనిపోయాడు.

ఆ హాస్టళ్ళకి ఇప్పుడు కష్టకాలం. ఇటుకలు పాడవుతున్నాయి, లీకేజీలు ఉన్నాయి, 2001 భూకంపం దెబ్బ కూడా ఉంది. 2020 డిసెంబర్‌లో 18 డార్ముల్లో 14 కూల్చి కొత్తవి కడతామని సంస్థ చెప్పింది. ప్రపంచమంతా ఆర్కిటెక్టులు, పాత విద్యార్థులు గోల చేస్తే 2021 జనవరి 1న వెనక్కి తగ్గింది. 2022లో మళ్ళీ కొన్ని భవనాల్ని మార్చక తప్పదని ప్రకటించింది. లోపల ఉండేవాళ్ళ భద్రత ఒకవైపు, ఆ భవనం నేర్పిన చదువు ఇంకోవైపు. ఇది కూడా ఒక కేసే, వెనక పేజీలో ఆన్సర్ లేని కేస్.

జవాజా: డైరెక్టర్ పల్లెకి వెళ్ళాడు

రవి మత్తాయ్ 1965లో ఆ సంస్థకి మొదటి ఫుల్‌టైమ్ డైరెక్టర్ అయ్యాడు. 1972లో ఎవరూ పొమ్మనకుండానే పదవి దిగిపోయి, అక్కడే మామూలు ప్రొఫెసర్‌గా ఉండిపోయాడు. కుర్చీ దిగాక అదే చోట మామూలుగా పనిచేయడం ఎంత కష్టమో మన క్లబ్ ఎలక్షన్లు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

తర్వాత ఆయన 1975లో రాజస్థాన్‌లోని జవాజా ప్రాంతంలో పని మొదలుపెట్టాడు. అది కరువు ప్రాంతం. బయటి నుంచి చూస్తే అక్కడ ఏ వనరూ లేదు. కానీ నేతవాళ్ళు, తోలుపని చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేతుల్లో విద్య ఉంది. అహ్మదాబాద్‌లోనే ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్ళు డిజైన్ వైపు, మత్తాయ్ బృందం మేనేజ్‌మెంట్ వైపు చూశారు. అసలు లక్ష్యం సరుకు అమ్మిపెట్టడం కాదు. ముడిసరుకు కొనడం, ధర కట్టడం, కొనేవాడితో బేరం ఆడటం, ఇవన్నీ ఆ చేతివృత్తుల వాళ్ళే నేర్చుకుని, బయటివాళ్ళ అవసరం లేకుండా నిలబడాలి. అంటే పెద్ద పెద్ద కంపెనీల కోసం తయారైన మేనేజ్‌మెంట్ చదువు మగ్గం దగ్గర పనికొస్తుందా అన్న పరీక్ష. మేనేజ్‌మెంట్ టీచర్లకే అది పరీక్ష.

నలుగురు గురువులు

ఇప్పుడు నాకు బాగా దగ్గరగా అనిపించిన విషయం, శోధయాత్ర. ఐఐఎమ్ అహ్మదాబాద్ ప్రొఫెసర్ అనిల్ గుప్తా 1980ల చివర్లో హనీ బీ నెట్‌వర్క్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. ఆయన్ని బాధపెట్టిన విషయం సింపుల్. పరిశోధకులు రైతు దగ్గరికి వెళ్ళి తెలివి తీసుకుంటారు, ఇంగ్లీషులో పేపర్ రాస్తారు, పేరు వస్తుంది, ప్రమోషన్ వస్తుంది. రైతుకి మాత్రం తన గురించి ఏం రాశారో కూడా తెలీదు. తేనెటీగ అలా కాదు. పువ్వు దగ్గర తేనె తీసుకుంటుంది కానీ పువ్వుకి నష్టం చేయదు, పైగా ఒక పువ్వుని ఇంకో పువ్వుతో కలుపుతుంది. అందుకే ఆ పేరు.

నెట్‌వర్క్ నియమాలు మన సీఎస్ వాళ్ళకి వెంటనే అర్థమవుతాయి. ఎవరి ఐడియా అయితే వాళ్ళ పేరు, ఊరు రాయాలి. తీసుకున్నదాన్ని వాళ్ళ భాషలోనే వాళ్ళకి తిరిగి చెప్పాలి. దాని మీద డబ్బు వస్తే వాళ్ళకి వాటా ఇవ్వాలి. గిట్‌హబ్‌లో ఒకరి కోడ్ ఎత్తుకొచ్చి లైసెన్స్ ఫైల్ తీసేస్తే తప్పు అంటాం కదా. పల్లెలో మనిషి తెలివికి కూడా అదే మర్యాద, అన్నమాట.

1998 నుంచి వాళ్ళు శోధయాత్రలు చేస్తున్నారు. ఊరి నుంచి ఊరికి నడుస్తూ, కొత్తగా ఏదైనా కనిపెట్టినవాళ్ళని వెతికి, వాళ్ళ గుమ్మం దగ్గరే సన్మానం చేస్తారు. పిల్లలకి మొక్కల పోటీలు, ఆడవాళ్ళకి వంటల పోటీలు పెట్టి, వాళ్ళకి తెలిసింది రాసుకుంటారు. వేరే ఊళ్ళలో చూసింది ఈ ఊళ్ళో చెప్తారు. ఐఐఎమ్‌లో ఇదే పేరుతో ఎంబీఏ వాళ్ళకి ఒక ఎలక్టివ్ కూడా పెట్టారు. ఆ కోర్సులో గుప్తా చెప్పే మాట ఏంటంటే మనిషికి నలుగురు గురువులు: మన లోపల ఉన్నవాడు, పక్కన నడిచే తోటివాళ్ళు, ప్రకృతి, మామూలు జనం. చూశారా, ఆ లిస్టులో ప్రొఫెసర్ లేడు. అది చెప్పింది ఒక ప్రొఫెసర్!

మన దగ్గర ఎవరున్నారు?

దీనికోసం అహ్మదాబాద్ పోనక్కర్లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారి కథ మీలో చాలామందికి సినిమాగా తెలుసు. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే ఒక్క చీరకే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. ఆరో తరగతితో చదువు ఆపేసిన కొడుకు ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటివాళ్ళని మన రాష్ట్రాల్లో వెతికి బయటి ప్రపంచానికి చూపిస్తున్న సంస్థ పల్లె సృజన, హనీ బీ నెట్‌వర్క్‌లో భాగమే. రిటైర్డ్ బ్రిగేడియర్ పోగుల గణేశం గారు నడిపిస్తున్నారు. వాళ్ళు చిన్న శోధయాత్రలు చేస్తారు, స్టూడెంట్లు కూడా వెళ్తుంటారు.

మల్లేశం గారి దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది డీబీఎమ్ఎస్ సిలబస్. ఆయన దగ్గర ఉన్నది, నా దగ్గర లేనిది అమ్మ భుజాన్ని రోజూ చూడటం.

మళ్ళీ కొట్టులోకి

సెమ్ అయ్యాక సెలవుల్లో పది రోజులు ల్యాప్‌టాప్ తీయకుండా కౌంటర్ దగ్గర కూర్చున్నాను. మొదటి నాలుగు రోజులు బోర్. తర్వాత ఒకటి కనిపించింది. నాన్న ఉద్దెర రాసేటప్పుడు పుస్తకం తిప్పి, కొనేవాళ్ళ కళ్ళ ముందే రాస్తాడు. చదువు రానివాళ్ళకి అంకె మీద వేలు పెట్టి చూపిస్తాడు. వాళ్ళు తల ఊపాకే పుస్తకం మూస్తాడు. అదే ఫోన్లో రాస్తే ఆ లెక్క నాన్న ఒక్కడికే కనిపిస్తుంది. నా యాప్ టైమ్ మిగిల్చేదేమో కానీ ఆ నమ్మకాన్ని తీసేసేది. పుస్తకం పాత పద్ధతి అని నేననుకున్నాను, కానీ అక్కడ దాని పని లెక్క ఒక్కటే కాదు.

నాన్న అసలు కష్టం వేరే. వారానికోసారి హోల్‌సేల్ వాళ్ళకి సరుకు లిస్ట్ పంపాలి. క్యాలెండర్ కాగితం మీద రాస్తాడు, అది పోతుంది, మళ్ళీ రాస్తాడు. దానికి చిన్న ప్రోగ్రామ్ రాశాను. సరుకు పేర్లు తెలుగులో చెప్తే లిస్ట్ తయారై మెసేజ్‌గా వెళ్తుంది, అంతే. లాగిన్ లేదు, పై చార్ట్ లేదు. వైవాలో చూపిస్తే "ఇదేం ప్రాజెక్ట్?" అంటారు. కానీ నాన్న వాడుతున్నాడు. ఖాతా మాత్రం ఇప్పటికీ ఎర్ర అట్ట పుస్తకంలోనే.

క్యాట్ రాసేవాళ్ళు రాయండి, నేను కూడా రాస్తానేమో. కానీ ఐఐఎమ్ సీటు రాకపోయినా అక్కడి చదువులో కొంత భాగం మనకి ఇప్పుడే దొరుకుతుంది. వచ్చే ప్రాజెక్ట్‌కి వేరే బ్రాంచ్ వాడిని ఒకడిని టీమ్‌లోకి తెచ్చుకోండి, గొడవ పడటానికి. కోడ్ రాసేముందు వాడబోయే మనిషి పక్కన కొన్ని రోజులు ఊరికే కూర్చోండి.

ఇంకొకటి. మన రిపోర్టుల్లో కృతజ్ఞతల పేజీ సీనియర్ల ఫైల్ నుంచి కాపీ కొడతాం కదా. ప్రిన్సిపాల్ గారు, హెచ్ఓడీ గారు, గైడ్ గారు. నా పాత రిపోర్ట్ తీసి చూశాను. ప్రాజెక్ట్ మా కొట్టు గురించే, నాన్న పేరు ఎక్కడా లేదు. ఈసారి రాస్తాను. మేస్త్రి పేరు కూడా రాయాలి. మొన్న ఇంటికి ఫోన్ చేసి ఆయన అసలు పేరేంటో అడిగితే నాన్నకీ తెలీదంట. "రేపు వస్తడు, అడిగి చెప్త" అన్నాడు.