మొత్తం తేలింది, రూపం తేలలేదు

నేను బి.కాం. చదివినవాణ్ణి. రసాయన శాస్త్రంతో నా స్నేహం హైస్కూలుతోనే సరి. అయినా రూర్కెలాలో కాపురం ఉంటూ ఉక్కు మాట ఎత్తకుండా రోజు గడపడం కష్టం. మన దేశంలో ఎల్.డి. పద్ధతిలో ఉక్కు చేయడం మొదలైంది ఈ ఊళ్ళోనే గదా!

ఆ మధ్య ఒక కుర్రవాడు మా శాఖకు అప్పు కోసం వచ్చాడు. ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్‌ను, అంటే మన పెద్దలు చిట్టెం అనేదాన్ని, పొడిచేసి సిమెంటుతో కలిపి కాలిబాటలకు పరిచే దిమ్మలు పోస్తాడట. తనఖా పెట్టేది తండ్రి కట్టిన ఇల్లు. స్లాగ్‌కు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్ష చేయించిన కాగితం జతపరిచాడు. కాల్షియం ఆక్సైడ్ 45 శాతం, ఆపైన ఇనుము, సిలికా వగైరా. కూడి చూస్తే 100కు దగ్గరగా వచ్చింది. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినంత సంతోషం వేసింది నాకు.

మా పక్కింటి బాబాయిగారు లాబొరేటరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆ సాయంత్రం, పేర్లేమీ చెప్పకుండా, ఈ పరీక్ష సంగతి అడిగాను.

"ఎక్స్‌రే తగిలితే పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుందోయ్. పైనున్నది ఆ ఖాళీలోకి దిగుతూ మరో ఎక్స్‌రే వదులుతుంది. దాని శక్తి ఒక్కో మూలకానికి ఒక్కో తీరు. 1913లో మోస్లీ ఆ సూత్రం పట్టాడు. పాపం, 27 ఏళ్ళకే 1915లో గల్లిపోలి యుద్ధంలో పోయాడు."

స్లాగ్‌ను మెత్తగా నూరి, ఇనుప రజను అయస్కాంతంతో తీసేస్తారట. లేకపోతే ప్లాటినం మూస పాడవుతుంది. తరువాత లిథియం బోరేట్‌తో కలిపి వెయ్యి డిగ్రీల పైన కరిగించి గాజుబిళ్ళగా పోస్తారు. అలా చేస్తే రేణువుల హెచ్చుతగ్గులు పోయి లెక్క నిక్కచ్చిగా వస్తుంది.

"అయితే నమ్మవచ్చునా బాబాయిగారూ?"

"నమ్మవచ్చు. కాని అది కాల్షియం మొత్తం ఎంతో చెబుతుందే గాని ఏ రూపంలో ఉందో చెప్పదు. ఫాస్ఫరస్ వదిలించడానికి కన్వర్టరులో సున్నం వేస్తారు. అందులో కొంత దేనితోనూ కలవక మిగిలిపోతుంది. వెల్ల వేయడానికి సున్నపురాళ్ళు తడిపితే ఎలా పొంగుతాయో చూశావుగా? దిమ్మలో ఆ పొంగు మొదలైతే పగలక ఏమవుతుంది?"

నాకు వెంటనే ఆస్తి అప్పుల పట్టీ గుర్తుకొచ్చింది. రావలసిన బాకీల మొత్తం అందులో కనిపిస్తుంది. ఏది వసూలవుతుందో, ఏది మునుగుతుందో ఆ అంకె చెప్పదు!

మర్నాడు కుర్రవాణ్ణి పిలిచాను. విడి సున్నం పరీక్ష వేరే ఉందనీ, ఇథిలీన్ గ్లైకాల్‌తో దాన్ని విడదీసి కొలుస్తారనీ, దిమ్మను ఆవిరిలో పెట్టి పొంగు కూడా చూడాలనీ చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. అప్పు ఎగ్గొట్టడానికి సాకు అనుకున్నాడేమో! అయినా చేయించాడు. కొత్త స్లాగ్ పనికిరాదని తేలింది. నెలల తరబడి ఆరుబయట తడిసి, పొంగవలసినంతా పొంగిపోయిన పాత స్లాగ్ తెచ్చి మళ్ళీ పరీక్ష చేయించాడు. ఈసారి నెగ్గింది.

అప్పు ఐదు నెలలు ఆలస్యంగా ఇచ్చాం. రెండు వానాకాలాలు గడిచాయి. దిమ్మలు పగల్లేదు, ఇల్లు తండ్రి పేరనే ఉంది. మొన్న దసరాకు స్వీట్లు తెచ్చి ఇస్తే, సగం బాబాయిగారింటికి పంపాను.