చిన్న కాఫీ దుకాణానికి ఏ పరికరాలు కావాలి?

ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయనడానికి బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమే నిదర్శనం. వారిలో కాఫీ ప్రియులు ఉన్నా అక్కడి వీధుల్లో టీదే పైచేయి కనుక, కొత్తగా చిన్న కాఫీ దుకాణం తెరిచేవారు యంత్రం మెరుపు చూసి కాక, షిఫ్టు మారే వేళ ఒక్కసారిగా వచ్చేవారికి ఎన్ని కప్పులు అందించాలో లెక్క చూసుకుని పరికరాలను ఎంచుకోవాలి.

ఆ రద్దీకి అన్నిటికంటే అనువైనది దక్షిణాది ఫిల్టరు. పై గిన్నె అడుగున సన్నని చిల్లులుండే ఈ పాత్రలో పొడి వేసి, చిల్లుల బిళ్ళతో తేలికగా అదిమి, మరిగి కాస్త నెమ్మదించిన నీళ్ళు పోస్తే, డికాక్షన్, అంటే చిక్కని కాఫీ సారం, చుక్కచుక్కగా కింది గిన్నెలోకి దిగుతుంది. పొడి మరీ మెత్తగా ఉంటే చిల్లులు పూడి నీరు నిలిచిపోతుంది, బరకగా ఉంటే నీరు ఆగకుండా జారి సారం పలచబడుతుంది. దిగడానికి సమయం పట్టినా రద్దీకి ముందే సిద్ధం చేసుకోవచ్చు, కరెంటుతో పని లేదు, చెడిపోయే భాగాలూ లేవు. అయితే డికాక్షన్‌ను మళ్ళీ మరిగిస్తే చేదెక్కుతుంది కాబట్టి, ఒకే పెద్ద ఫిల్టరు కంటే వంతులవారీగా దింపే రెండు మధ్యరకం ఫిల్టర్లు మేలు.

ఎస్ప్రెస్సో యంత్రం దారి వేరు. 1901లో ఇటలీలో లుయిజీ బెజ్జెరా పేటెంటు దరఖాస్తుతో రూపుదిద్దుకుని, తర్వాత అకిల్లే గాజ్జియా మెరుగుపరచిన ఈ పద్ధతిలో, వాతావరణ పీడనానికి సుమారు 9 రెట్ల ఒత్తిడితో వేడినీటిని మెత్తని పొడి గుండా పంపి, 25 నుంచి 30 సెకన్లలో సారం తీస్తారు. పెళ్ళిళ్ళలో అదే పేరుతో కనిపించే యంత్రాలు చాలావరకు ఆవిరితో పాలు కాచి, ఇన్‌స్టంట్ పొడి కలిపేవే. అసలు ఎస్ప్రెస్సో యంత్రం ఖరీదైనది. దానికి తగిన వైరింగు, శిక్షణ పొందిన మనిషి, దగ్గరలో మరమ్మతు చేసేవారు ఉండాలి. ఈ మూడూ సమకూరకముందే కొన్న యంత్రం పెట్టుబడిని బంధిస్తుంది.

యంత్రం ఏదైనా, రుచిని ముందుగా నిర్ణయించేది గ్రైండరు. బ్లేడుతో నరికే గ్రైండరులో పొడి కొంత మెత్తగా, కొంత బరకగా వస్తుంది గనుక ఒకే కప్పులో చేదూ, పులుపూ కలుస్తాయి. రెండు పళ్ళ చక్రాల మధ్య గింజలను నలిపే బర్ గ్రైండరు పొడిని ఒకే తీరుగా ఇస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా వంటి మంచి గింజలను తెప్పించినా, పొడి సరిగా లేకపోతే ఆ ఖర్చు వృథాయే. నీటి సంగతీ అంతే. కాఠిన్యం ఎక్కువైన నీరు బాయిలరు లోపల సున్నపు పొరను పేర్చి వేడెక్కడాన్ని మందగింపజేస్తుంది కాబట్టి, యంత్రం కొనే ముందే నీటిని పరీక్షించి, తగిన వడపోత అమర్చుకోవాలి.

కనుక చేతిలోని సొమ్ములో మొదటి భాగం మంచి గ్రైండరుకు, రెండవది ఫిల్టర్లకు, పాలు కాచే పాత్రలకు, నీటి వడపోతకు కేటాయించి, ఎస్ప్రెస్సో యంత్రాన్ని గిరాకీ నిలకడగా కనబడిన తర్వాతే కొనడం చిన్న దుకాణదారుకు క్షేమకరం.